పుటకొక అంకె

పత్రిక చేతికి రాగానే మనం బొమ్మలు చూస్తాం, కథ పేరు చూస్తాం, రాసినవారి పేరు చూస్తాం. పుట అంచున ఉన్న అంకెను మాత్రం ఎవరూ పలకరించరు. అది లేనినాడు గాని దాని విలువ తెలియదు. సీరియల్ కాగితాలను వారం వారం విప్పదీసి దాచుకున్న ఇల్లాళ్ళను అడగండి, చెబుతారు. ఏ అల్లరి పిల్లవాడో ఆ కట్టను నేలమీద పరిచాడా, ఇక కథానాయిక అలిగి పుట్టింటికి వచ్చేసిన తరువాత ఆమెకు పెళ్ళిచూపులు జరుగుతాయి!

అచ్చుయంత్రం వచ్చిన కొత్తలో ఐరోపాలో ఈ అంకె లేదు. గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిలులో పుటల సంఖ్యలు కనిపించవు. 1470లో కొలోన్ నగరంలో ఆర్నోల్డ్ థెర్‌హోర్నెన్ అనే ముద్రాపకుడు ఒక చిన్న పుస్తకానికి ఆకుల సంఖ్యలు అచ్చువేశాడు. మనదేశపు వ్రాతప్రతులలో ఆకుకు అంకె వేయడం అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే ఉన్నది. అందులోనూ ఒక ముచ్చట ఉన్నది. దక్షిణాదివారు ఆకు మొదటి పక్కన అంకె వేస్తే, ఉత్తరాదివారు రెండో పక్కన వేసేవారు. తాటాకులకు బెజ్జం చేసి తాడు గుచ్చుతారు గదా! ఆ తాడు తెగిననాడు ఆకులకు దిక్కు ఆ అంకే.

వరంగల్లు పక్కనున్న మా మడికొండ ‘పోతన చరిత్రము’ రాసిన వానమామలై వరదాచార్యులుగారు 1912లో పుట్టిన ఊరు. ఇక్కడ తాటాకుల మాట ఎత్తితే పోతన భాగవతం గుర్తుకు రాక మానదు. ఆ గ్రంథంలో కొంత భాగం శిథిలమైతే అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, పదకొండూ పన్నెండూ నారయ పూరించారని చెబుతారు. ఏది పోయిందో తెలిస్తేనే గదా పూరించడం! నలభై ఒకటి తరువాత నలభై మూడో ఆకు చేతికొస్తే, నలభై రెండు పోయిందని ఎవరూ చెప్పనక్కరలేదు. ఉన్నదాన్ని లెక్కపెట్టడమే కాదు, లేనిదాన్ని పట్టి ఇవ్వడం కూడా అంకె పనే.

ఇప్పుడు తాటాకులు లేవు, కంప్యూటర్లు వచ్చాయి. పోయిన ఏడాది మా ఊరి అమ్మాయి ఒకతె థీసిస్ టైపు చేసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. అందజేయడానికి మూడురోజులే గడువు. “సార్, రాత్రి మంచిగనే ఉండె. ఒక్క పేరా కలిపిన. పొద్దుగాల చూస్తే నలభై రెండు పోయి పేజీ నడుమ కూసున్నది” అన్నది, కళ్ళనీళ్ళతో. ప్రతి పేజీ చివరా అంకెను తన చేత్తోనే టైపు చేసిందన్నమాట.

తాటాకు మీద అంకె ఆకును పట్టుకుని ఉంటుంది. కంప్యూటర్లో అంకె చోటును పట్టుకుని ఉండాలి. ఆ పని వర్డ్‌కే అప్పగించాలి. ‘ఇన్సర్ట్’లో ‘పేజ్ నంబర్’ నొక్కి, పైనో కిందో చోటు చూపిస్తే చాలు. పేరా కలిపినా తీసినా అంకెలు తమంతట తామే సర్దుకుంటాయి. ముందుమాటకు రోమన్ అంకెలు వేసి, మొదటి అధ్యాయాన్ని ఒకటితో ఆరంభించాలంటే ఇంకొంచెం పని ఉన్నది. ముందుమాట చివర ‘లేఅవుట్’లోని ‘బ్రేక్స్’కు వెళ్ళి, సెక్షన్ బ్రేకులలో ‘నెక్స్ట్ పేజ్’ పెట్టాలి. తరువాతి భాగం అంకెమీద రెండుసార్లు నొక్కి ‘లింక్ టు ప్రీవియస్’ తీసేయాలి. ఆపైన ‘ఫార్మాట్ పేజ్ నంబర్స్’లో ‘స్టార్ట్ ఎట్’ దగ్గర 1 వేయాలి. ఆ అమ్మాయి చేత్తో వేసిన అంకెలన్నీ తీసేసి, ఇలాగే చేసి, గడువులోపలే థీసిస్ అందజేసింది.

అయితే ఈ సుఖంలో ఒక మోసం లేకపోలేదు. పొరపాటున ఒక పేజీ చెరిగిపోతే, కంప్యూటరులో అంకెలు దగ్గరికి జరిగి, ఏమీ ఎరగనట్లు వరుసగా నిలబడతాయి. నలభై ఒకటి తరువాత నలభై రెండే కనబడుతుంది. తాటాకు చెప్పినట్లు, పోయినదాని సంగతి అవి చెప్పవు. అందుచేత పెద్ద రాతపని పెట్టుకున్నవారు ఏ రోజు ప్రతిని ఆ రోజు వేరే పేరుతో దాచుకోవడం మంచిది. కాగితంమీద అచ్చయిన తరువాత అంకె మళ్ళీ ఆకుదే అవుతుంది. బైండు చేయించబోయే ముందు ఒక్కసారి ఆ అంకెలను వరుసగా పైకి చదువుకోండి. పావుగంట పడుతుందేమో! మూడేళ్ళ శ్రమకు ఆ పావుగంట కాపలా ఎక్కువేమీ కాదు.