ఆ బిడ్డ జబ్బుకో పేరుంది

పుట్టు గుడ్డివాడొకడు దారిలో కనిపిస్తే, అతనికి ఏం కావాలో అడగాలని యేసుప్రభువు శిష్యులకు తోచలేదు. పాపం చేసింది అతనా, అతని అమ్మానాన్నలా అన్నదే వారికి కావలసింది (యోహాను 9). ఇద్దరూ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. రెండు వేల ఏళ్లు గడిచినా ఆ శిష్యుల ప్రశ్న మన వీధుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. సైదాబాద్‌లో ప్రార్థనకు ఇళ్లకు వెళ్లినప్పుడు మేము దాన్ని చాలాసార్లు విన్నాం. అడిగేది అత్తగారు, జవాబు చెప్పాల్సింది కోడలు.

అలాంటి ఒక ఇంట్లో బాబు ఐదేళ్ల దాకా అందరు పిల్లల్లాగే పెరిగాడు. సండే స్కూల్లో వాక్యం కంఠతా చెప్పి బహుమతి కూడా తీసుకున్నాడు. తర్వాత నడక తడబడింది. గడప తగిలి పడేవాడు. ఫిట్స్ మొదలయ్యాయి. వచ్చిన మాటలు పోయాయి, ఆ వెనకే చూపూ తగ్గింది. బిడ్డ లోపంతో పుడితే తల్లి మొదటి రోజే గుండె దిటవు చేసుకుంటుంది. నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటిగా చేజారిపోతుంటే చూడడం వేరు. నిన్న అమ్మా అని పిలిచిన నోరు ఇవాళ పిలవదు!

ఇంట్లో పెద్దలు మొదట దిష్టి అన్నారు, తర్వాత చేతబడి అన్నారు. ఎక్కడి నుంచో వచ్చిన ఒక స్వస్థత ప్రసంగీకుడు, మందులు మానేస్తేనే నిజమైన విశ్వాసమని చెప్పి వెళ్లాడు. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో చూడడానికి ఆయన మర్నాడు ఊళ్లో లేడు. స్వస్థపరిచే దేవుణ్ణి మేమూ నమ్ముతాం, ఆ ఇంట్లో మోకరించి ప్రార్థించాం కూడా. కానీ లూకా వైద్యుడేనన్న సంగతి ఇలాంటి బోధకులకు ఎందుకు గుర్తుండదో మాకు అర్థం కాదు.

బాటెన్ వ్యాధి, టే-శాక్స్, మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ, ఎస్ఎంఏ... పేర్లు నోరు తిరగవు. వీటిలో చాలావాటి వెనకున్న కథ మాత్రం సులభంగానే అర్థమవుతుంది. కణంలో మిగిలే వ్యర్థాన్ని కరిగించే ఎంజైమ్ ఒకటి సరిగా తయారు కాదు. చెత్తబండి రాని వీధిలాగా మెదడు కణాల్లో అది పేరుకుపోతుంది, కణాలు చచ్చిపోతాయి. ఎస్ఎంఏ తీరు వేరు. అందులో దెబ్బతినేది వెన్నుపాములో కండరాలను నడిపించే నరాల కణాలు. బిడ్డ మెడ నిలబెట్టలేడు, తెలివి మాత్రం చెక్కుచెదరదు.

ఇందులో ఎవరి పాపముంది? జన్యువులు దాదాపు అన్నీ జంటగా ఉంటాయి, ఒకటి నాన్న నుంచి, ఒకటి అమ్మ నుంచి. ఇలాంటి జబ్బుల్లో చాలావాటికి సంబంధించి, జంటలో ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. ఆ మనిషికి జబ్బేమీ ఉండదు, నూరేళ్లు బతికినా సంగతి తెలియదు. అలా చెడిన జన్యువులు కొన్ని దాదాపు ప్రతి మనిషిలోనూ ఉంటాయి. రాస్తున్న మాలోనూ, చదువుతున్న మీలోనూ ఉండే ఉంటాయి. భార్యాభర్తలిద్దరిలో అదే జన్యువు చెడి ఉంటేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక మూడు కాన్పులదాకా భయం లేదనుకోవడం సరికాదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే. అడ్రినోల్యూకోడిస్ట్రఫీ లాంటి కొన్ని జబ్బులు సాధారణంగా తల్లి నుంచి మగపిల్లలకు వస్తాయి. అలాగని అది ఆమె తప్పెలా అవుతుంది? తన ఒంటి రంగును ఆమె ఎంచుకుందా?

మరి తండ్రుల దోషం మూడు నాలుగు తరాలదాకా అన్న మాట సంగతేమిటని కొందరు విశ్వాసులు అడుగుతారు. అది దేవునికీ ఇశ్రాయేలీయులకూ మధ్య జరిగిన నిబంధనలోని మాట (నిర్గమ 20), వైద్యశాస్త్రం కాదు. పెద్దల పాపమే మాకు తగిలిందని వాపోయే జనానికి యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయంలో ఎంత గట్టిగా జవాబిచ్చాడో వారు చదువుకోవాలి.

ఆ ఇంటివారితో మేము పట్టుబట్టింది ఒక్కటే, జబ్బు పేరు తెలుసుకోమని. ఎలాగూ మందు లేనప్పుడు పేరెందుకు అయ్యగారూ అని తండ్రి అడిగాడు. మందు అసలే లేదనడానికి వీల్లేదు. బాటెన్‌లో సీఎల్ఎన్2 అనే ఒక రకానికి, జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేసే మందును 2017లో అమెరికా ఆమోదించింది. ఎస్ఎంఏకు రిస్‌డిప్లామ్ అనే మందు సీసా లక్షల్లో ఉండేది. సుదీర్ఘ కోర్టు పోరాటం తర్వాత 2025లో మన హైదరాబాద్‌కే చెందిన నాట్కో సంస్థ దాన్ని 15,900 రూపాయల గరిష్ఠ ధరకు తెచ్చింది. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ, పంజగుట్ట నిమ్స్ కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా గుర్తింపు పొందాయి. అర్హులైన రోగుల చికిత్సకు ఇచ్చే సహాయాన్ని 2022లో 50 లక్షల రూపాయలదాకా పెంచారు. పేరు లేని జబ్బుకు ఇవేవీ అందవు.

ఇంకో కారణముంది. మందు లేని జబ్బుకైనా, బిడ్డ బతికుండగా రక్తం తీసి ఏ జన్యువు చెడిందో కనిపెడితే తర్వాతి బిడ్డ విషయంలో దారి దొరుకుతుంది. బిడ్డ వెళ్లిపోయాక వెతకడం చాలా కష్టం. గర్భంలో పరీక్ష చేయించి జబ్బుందని తేలితే ఏం చేయాలని విశ్వాసులు అడుగుతారు. దానికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పేసే కాపరిని మేము నమ్మం.

కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. బాటెన్‌లోనే మరో రకం, మందు లేదు. కానీ చెడిన జన్యువు ఇద్దరి నుంచీ వచ్చిందని ఆ కాగితంలో తల్లిదండ్రుల పేర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఇంట్లో పాత ప్రశ్న ఆ తర్వాత మాకు వినబడలేదు. తండ్రి ఇప్పుడు రాత్రిళ్లు సగం వంతు తాను మెలకువగా ఉంటున్నాడు. సంఘంలోని స్త్రీలు కొందరు ఆదివారం వంతులు వేసుకుని బాబు దగ్గర కూర్చుంటే, ఆ తల్లి దాదాపు రెండేళ్ల తర్వాత ఆరాధనకు వచ్చింది.

అసలు సంగతి పెళ్లి దగ్గరే మొదలవుతుంది. మేనమామకో మేనబావకో పిల్లనిచ్చే ఆచారం మతం మారినా మారలేదు. యాకోబు చేసుకున్నది మేనమామ లాబాను కూతుళ్లనే కదా అని మాకే వాక్యం చూపిస్తారు! జరిగింది రాయడం వేరు, అలా చేయమనడం వేరు. మేనరికాల్లో ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారన్నది నిజం. పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు దాదాపు రెట్టింపు అన్నదీ నిజమే. బంధుత్వం లేకపోతే చాలనీ అనుకోలేం. హబ్సిగూడలోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, 81 సమూహాల్లో ఇలాంటి జబ్బులకు తావిచ్చే పరిస్థితి యూదుల్లో కన్నా బలంగా ఉందని తేల్చారు. క్రీస్తులో కులం లేదని పాడుకుని, కులం చూసే సంబంధం కుదుర్చుకునే మన సంఘాలకు ఇది వేరే చెప్పాలా?

ఆ యూదులు ఏం చేశారో చూడండి. టే-శాక్స్ జబ్బుతో నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే రబ్బీ, 1980ల్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పెళ్లికి ముందే యువతీయువకుల రక్తం పరీక్షించే ఏర్పాటు చేశాడు. ఎవరిలో ఏ లోపముందో బయటపెట్టరు, ఈ జంట కలవొచ్చా లేదా అన్నదే చెబుతారు. 1970ల నుంచే సాగుతున్న పరీక్షలకు ఇదీ తోడై, ఉత్తర అమెరికా యూదుల్లో ఆ జబ్బుతో పుట్టే పిల్లలు నూటికి తొంభై పాళ్లకు పైగా తగ్గిపోయారు.

మన దగ్గర అంత ఏర్పాటు లేదు. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరముందా అని మాత్రం అడుగుతాం. ఇప్పుడు మేము ప్రకటనకు ముందే రెండు కుటుంబాలనూ పిలిచి, మీ ఇళ్లల్లో చిన్నతనంలో నడకో మాటో పోయిన పిల్లలున్నారా, ఫిట్స్‌తో పోయిన పిల్లలున్నారా అని అడుగుతున్నాం. ఉన్నారంటే జన్యు సలహా ఇచ్చే వైద్యుల దగ్గరికి పంపుతున్నాం. కొందరు కోప్పడ్డారు. ఒక పెద్దాయన, శుభమా అని పెళ్లి మాటలకొస్తే ఇవేం మాటలని లేచి వెళ్లిపోయాడు. ఈ నెలలో రెండు ప్రకటనలున్నాయి, అందులో ఒకటి మేనరికం. బుధవారం సాయంత్రం ఇద్దరి పెద్దలనూ రమ్మన్నాం.