బడి సెలవుల్లో పొలం పాఠాలు

సెలవులిచ్చారంటే చాలు, పిల్లలు టీవీ ముందో, సెల్‌ఫోన్ పట్టుకునో కూర్చుంటున్నారని ప్రతి ఇంట్లోనూ పెద్దల గోల. పొలానికి రమ్మంటే ఎండ అంటారు, బురద అంటారు. మరి పొలానికి తీసుకెళ్లి మనం వాళ్లకు చెబుతున్న పనేమిటి? మంచినీళ్లు అందించు, గేదెను తోలుకురా... అంతేగా! పదేళ్ల పిల్లకైనా, పిల్లవాడికైనా చూడడానికి, లెక్కపెట్టడానికి, 'ఎందుకిలా?' అని అడగడానికి ఏదైనా ఉంటేనే సరదా పుడుతుంది. అలాంటి పనులు పొలంలో బోలెడున్నాయి. వాటికి పెద్దగా ఖర్చు లేదు, నేలకూ నీటికీ చెడుపు లేదు. పైగా వాటి ఫలితం మీ సేద్యానికి అక్కరకొస్తుంది.

ఇంకో సంగతి గమనించండి. మన బడి సెలవులు పంట కాలంతో చక్కగా కలిసొస్తాయి. వేసవి సెలవుల్లో దుక్కులు, విత్తనాల సేకరణ. బడి తెరిచే నాటికి మృగశిర కార్తె. దసరాకు వరి పైరు పొలం నిండా ఉంటుంది. సంక్రాంతికి ధాన్యం ఇంటికి చేరుతుంది. ఒక్కో సెలవుకు ఒక్కో పని పెట్టుకోండి. ఇంటిల్లిపాదీ కలిసి చేయండి.

వేసవిలో: సీసాలో నేల

ఎరువులు తోలకముందే మట్టి నమూనా తీయాలి. పొలంలో అక్కడక్కడా 10-15 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున పలుగుతో గుంట చేసి, పై నుంచి కింది దాకా పలచగా ఒక పొర మట్టి తీయండి. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంట కుప్పలు వేసిన చోట తీయొద్దు. మట్టినంతా గోనె పట్టా మీద పోసి పిల్లల చేత కలిపించండి. గుండ్రంగా పరిచి, వేలితో నాలుగు భాగాలు గీయించండి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారబోసి, మిగిలింది మళ్లీ కలపాలి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేస్తే అదే భూసార పరీక్షకు పంపాల్సిన నమూనా. ఈ ఆట పిల్లలకు భలే నచ్చుతుంది.

పారబోసిన మట్టిలో కొంచెం తీసి, రాళ్లు, వేళ్లు ఏరి, నిటారుగా ఉండే ఖాళీ మంచినీళ్ల సీసాలో మూడో వంతు దాకా పోయండి. చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి, నీళ్లు నింపి, మూత పెట్టి అయిదు నిమిషాలు బాగా గిలకొట్టి కదపకుండా ఉంచండి. నిమిషంలోనే ఇసుక అడుక్కి దిగుతుంది. దాని మీద రెండు గంటల్లో ఒండ్రు పేరుకుంటుంది. బంకమన్ను దిగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఒక్కో పొర దగ్గర పెన్నుతో గీత పెట్టించి స్కేలుతో కొలిపించండి. మొత్తం 8 సెంటీమీటర్లలో ఇసుకే 6 ఉందనుకోండి, మీ నేలలో ముప్పాతిక వంతు ఇసుకే. అలాంటి నేలలో నీరు, యూరియా రెండూ త్వరగా కిందికి జారిపోతాయి. కాబట్టి ఏదైనా కొంచెం కొంచెంగా, ఎక్కువ దఫాలుగా ఇవ్వాలి. నల్లరేగడి అయితే బంకమన్ను పొర మందంగా కనిపిస్తుంది. నీటిని పట్టి ఉంచుతుంది గానీ, మురుగు పోయే దారి చూసుకోవాలి.

అయితే సీసా చెప్పేది మట్టి నైజం వరకే. నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంత ఉన్నాయో తెలియాలంటే పరీక్షా కేంద్రానికి పంపాల్సిందే.

దీంతో పాటే ఇంకో చిన్న పరీక్ష. దున్నిన చేలోంచి ఒక ఎండు మట్టిగడ్డ, గట్టు మీద గడ్డి కింద నుంచి మరొకటి తెచ్చి రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదలండి. సాధారణంగా చేలో గడ్డ త్వరగా విడిపోతుంది, గడ్డి కింది గడ్డ నిలదొక్కుకుంటుంది. 'ఎందుకు నాన్నా?' అని పిల్లలు అడక్క మానరు. వేళ్లు, కుళ్లిన ఆకు, వానపాముల జిగురు మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతాయని చెప్పండి. వాన దెబ్బకు ఏ నేల కొట్టుకుపోతుందో వాళ్లకే అర్థమవుతుంది. పశువుల ఎరువు, జనుము, జీలుగ ఎందుకు వేయాలో వేరే చెప్పనక్కర్లేదు.

గోనె గుడ్డలో నూరు గింజలు

ఇంట్లో దాచిన విత్తనమైనా, ఇరుగుపొరుగు దగ్గర తెచ్చినదైనా మొలక పరీక్ష చేయకుండా చల్లొద్దు. బస్తా పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి గింజలు తీసి కలిపి, పిల్లల చేత సరిగ్గా నూరు లెక్కపెట్టించండి. ఏరి మంచివే పెట్టనీయొద్దు, వచ్చినవి వచ్చినట్టే తీసుకోవాలి. తడిపిన గోనె గుడ్డ మీద వరసకు పది చొప్పున పేర్చి, మెల్లగా చుట్టి, నీడలో ఉంచండి. రోజూ నీళ్లు చిలకరించే బాధ్యత పిల్లలదే. పెసర, మినుము వారంలో తేలిపోతాయి. వరికి చివరి లెక్క 14 రోజులకు చూడాలి.

వేరు, మొలక రెండూ బాగా వచ్చినవే లెక్కలోకి తీసుకోండి. ధ్రువీకరణ విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక వరికి 80 శాతం, కందికి, పెసరకు, మినుముకు 75 శాతం, వేరుశనగకు 70 శాతం. మీ పెసరలో 60 గింజలే మొలిచాయనుకోండి. 8 కిలోలు చల్లాల్సిన చోట 10 కిలోలు చల్లితేనే మొక్కల సంఖ్య సరిపోతుంది. ఈ లెక్క కట్టే పని ఎనిమిదో తరగతి పిల్లకు ఇవ్వండి. సగం కూడా మొలవకపోతే మాత్రం విత్తనం మార్చుకోవడమే మేలు.

ఒక్క జాగ్రత్త. మందు పట్టించిన విత్తనం, రంగు పూసిన విత్తనం పిల్లల చేతికి ఇవ్వొద్దు.

మృగశిరకు: డబ్బాతో వాన లెక్క

తొలకరి జల్లుకే విత్తి, ఆ తర్వాత వాన మొహం చాటేస్తే మొలక మాడిపోయి విత్తనం ఖర్చు మట్టిపాలవడం మెట్ట రైతులకు తెలియని బాధ కాదు. పత్తి లాంటి వర్షాధార పంటల్ని తేలిక నేలల్లో 50-60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60-75 మిల్లీమీటర్లు వాన పడ్డాకే విత్తమని శాస్త్రవేత్తలు చెబుతుంటారు. మండలంలో కొలిచిన వాన మీ చేలో పడిన వాన కాకపోవచ్చు. ఊరికి తూర్పున కురిసి పడమట ఎండ కాయడం మనం చూసేదే. అందుకే మీ కొలత మీకుండాలి.

నోరు, అడుగు ఒకే వెడల్పున్న నిటారు డబ్బా చాలు. చెట్లకు, గోడలకు దూరంగా, గాలికి పడిపోకుండా మూడు ఇటుకల మధ్య పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లల చేత స్కేలు పెట్టి చూపించి, నోటు పుస్తకంలో రాయించి, నీళ్లు ఒంపేయించండి. వాతావరణ శాఖ వాన లెక్క తీసేదీ ఆ వేళకే. డబ్బా చిన్నదైనా పెద్దదైనా గోడలు నిటారుగా ఉంటే లోతు ఒకటే వస్తుంది. రెండు వేర్వేరు డబ్బాలు పక్కపక్కన పెట్టి పిల్లల్నే సరిచూసుకోమనండి.

ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఎకరానికి 4 వేల లీటర్ల పైమాటే. 25 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరంలో లక్ష లీటర్లు దిగినట్టు! అన్ని నీళ్లు వాగు పాలు కాకుండా గట్లెందుకు వేయాలో, ఫారం కుంట ఎందుకు తవ్వాలో పిల్లలకు ఆ లెక్కే చెబుతుంది.

ఈ పనికి డబ్బా ఎంచుకునేటప్పుడు మాత్రం పురుగు మందు డబ్బా జోలికి పోవద్దు. కడిగాం కదా అనుకోవద్దు. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు ఉన్నట్టు పరీక్షలో తేలింది. మందు డబ్బాలో నూనె, నీళ్లు, పాలు పోయడం మన పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. ఖాళీ డబ్బాకు వెంటనే చిల్లులు పెట్టి, మళ్లీ వాడకుండా చేయండి. ఎందుకలా చేస్తున్నారో పిల్లలకు విడమర్చి చెప్పండి.

దసరాకు: పురుగుల లెక్క

పొలంలో కనిపించే ప్రతి పురుగూ పంటకు పగ కాదు. దసరా సెలవుల్లో ఉదయం 7-9 గంటల మధ్య పిల్లల్ని వరి చేలోకి తీసుకెళ్లండి. నాట్లప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి ఉంటే నడవడం తేలిక. మూల నుంచి మూలకు నడుస్తూ 20 దుబ్బులు చూడండి. దుబ్బు మొదట్లో చేత్తో మెల్లగా తడితే సుడిదోమలు నీళ్ల మీద పడతాయి. నోటు పుస్తకంలో రెండు వరసలు గీయించండి. ఒకటి 'పైరును తినేవి', రెండోది 'వాటిని తినేవి'. సాలీళ్లు, తూనీగలు, అక్షింతల పురుగులు, గొల్లభామలు రెండో వరసలోకి వస్తాయి.

పత్తి, కూరగాయల తోటలైతే పేనుబంక ఉన్నచోట జాగ్రత్తగా చూడండి. నల్లగా, ఒంటి మీద పసుపు మచ్చలతో మొసలి పిల్లలా పాకే చిన్న పురుగు కనిపిస్తుంది. చూడ్డానికి వికారంగా ఉంటుంది గానీ, అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకే దాని తిండి. పురుగు పట్టిందని కంగారుపడి మందు కొడితే ముందు చచ్చేది మన పక్షాన ఉన్న ఇలాంటివే.

పైరును తినేవి రెండుంటే, వాటిని తినేది ఒకటైనా ఉన్నప్పుడు తొందరపడి మందు కొట్టనక్కర్లేదన్నది సాధారణ సూత్రం. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ సూచించే పద్ధతి కూడా ఇదే. లెక్క అనుమానంగా ఉంటే ఆ పుస్తకం తీసుకుని మీ వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్లండి. 'పురుగు పట్టింది, ఏం మందు కొట్టాలి?' అని అడిగే బదులు అంకెలు చూపిస్తే సలహా కూడా సరిగా వస్తుంది.

పిల్లలు ఎప్పటికీ మరిచిపోని ఆట ఒకటుంది. వరి నారుమడిలో ఆకుల కొనల దగ్గర గోధుమ రంగు నూగుతో కప్పిన గుడ్ల సముదాయాలు కనిపిస్తాయి. అవి కాండం తొలిచే పురుగు గుడ్లు. ఆ ఆకు ముక్క తుంచి, గాజు సీసాలో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టి వారం రోజులు చూడండి. ఒక్కోసారి సన్నటి పురుగు పిల్లలు వస్తాయి. ఒక్కోసారి వాటికి బదులు ఆవగింజ కంటే చిన్న ఈగల్లాంటివి ఎగురుతాయి. ఆ పరాన్నజీవులు పురుగు గుడ్ల లోపలే తమ గుడ్లు పెట్టి, పురుగు పుట్టకముందే దాన్ని తినేస్తాయన్నమాట. ఈగలు వస్తే తీసుకెళ్లి చేలో వదిలేయండి. పురుగులు వస్తే నాశనం చేయండి. నారు కొనలు తుంచి నాటమని పెద్దలు ఎందుకంటారో కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

ఇదేదో పిల్లల ఆటేలే అనుకోకండి. 1986లో ఇండోనేషియాలో సుడిదోమ విరుచుకుపడినప్పుడు, మందులతో మిత్ర పురుగులు చచ్చి దోమ ఇంకా పెరుగుతోందని గుర్తించి, అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగు మందుల్ని నిషేధించింది. 1989 నుంచి రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి పురుగుల్ని లెక్కించడం నేర్పింది. మన దగ్గరి పొలంబడికి మూలం అదే. ఖమ్మం జిల్లాలో ఉండిన, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చిన పునుకుల గ్రామం 2003లో పురుగు మందులు వాడని ఊరుగా ప్రకటించుకుంది.

సంక్రాంతికి: పిచ్చుకలకు కుచ్చులు

కొత్త ధాన్యం వచ్చినప్పుడు గుప్పెడు వరి కంకులు విడిగా ఉంచండి. వాటిని కుచ్చుగా అల్లి చూరుకు కట్టడం మన ఇళ్లలో పాత అలవాటే. అల్లిక తాతయ్యకో, నాయనమ్మకో వచ్చి ఉంటుంది. పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. పిచ్చుక తాను గింజలు తిన్నా, గూట్లో పిల్లలకు మాత్రం ఎక్కువగా పురుగుల్నే ఏరి తెచ్చి పెడుతుంది. అంటే కుచ్చు కట్టడం దానం చేసినట్టే కాదు, కూలి ఇచ్చినట్టు కూడా! డాబా ఇళ్లలో గూటికి చోటు లేదు కాబట్టి, 32 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టిన చెక్క పెట్టెను పిల్లి అందుకోలేనంత ఎత్తులో, నీడపట్టున కట్టండి.

ఇవి మరవొద్దు

పిల్లల్ని ఒంటరిగా పొలానికి పంపొద్దు. వేసవిలో పని పొద్దున్నే ముగించండి. చేలోకి దిగేటప్పుడు చేతిలో కర్ర ఉండాలి, గట్ల మీద చప్పుడు చేస్తూ నడవాలి. బావులు, కుంటల దగ్గర పెద్దలు పక్కనే ఉండాలి. మందు కొట్టిన చేలోకి పిల్లల్ని రానివ్వొద్దు. మందు కలపడం, కొట్టడం వాళ్ల చేత అసలే చేయించొద్దు. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి.

రెండు రూళ్ల పుస్తకాలు, ఒక స్కేలు, రెండు సీసాలు, ఒక డబ్బా... కావలసింది ఇంతే. ఏడాది చివరికి ఆ పుస్తకంలో మీ నేల నైజం, మీ విత్తనం మొలక, మీ చేలో పడిన వాన, మీ పైరు మీది పురుగులు అన్నీ తేదీలతో సహా ఉంటాయి. వచ్చే ఏడు విత్తే ముందు ఓసారి తిరగేయండి. పిల్లలు రేపు సేద్యం చేసినా, ఉద్యోగానికి వెళ్లినా, అన్నం ఎలా పండుతుందో తెలిసిన మనుషులవుతారు. ఈ సెలవులకే మొదలుపెట్టండి.