గట్టే మన ర్యాంపు!

నడిరోడ్డు మీద బైకు మొరాయించింది. మెకానిక్కేమో బొబ్బిలిలోనో, ఆమదాలవలసలోనో ఉంటాడు. అటుగా వెళ్తున్న టాటా ఏస్ ఆగింది సరే... బండిని పైకెక్కించేదెలా?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అందుకు తేలికైన దారి చెరువు గట్టు! వ్యాను వెనక తలుపు దించి, తొట్టి ఎత్తుకు సరిపోయే గట్టుకు ఆనిస్తే చాలు. బైకు నేల మీద నడిచినట్టే లోపలికి వెళ్తుంది.

గట్టు లేకపోతే చెక్క పలకే గతి. పలక ఎంత పొడవుంటే శ్రమ అంత తక్కువ. స్ప్లెండర్ లాంటి బండి సుమారు 110 కిలోలుంటుంది. తొట్టి ఎత్తు రెండున్నర అడుగులనుకుంటే, అయిదడుగుల పలక మీద 55 కిలోల బరువును తోసినట్టు. అదే ఎనిమిదడుగులదైతే 34 కిలోలే!

‘ఏటవుతాదిలే’ అనుకుంటే మాత్రం కాలు విరిగే ప్రమాదం. పలక పైకొసను తాడుతో వ్యానుకు కట్టాలి. తడిగా ఉంటే గోనెసంచి పరవాలి. ఇంజిన్ ఆపి, క్లచ్ నొక్కి, మొదటి గేరులో తోయాలి. వెనక్కి జారుతుంటే క్లచ్ వదిలి బ్రేకు పట్టాలి. ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే, ఇద్దరు పక్కల నుంచి తోయాలి. బండికి సరిగ్గా వెనక ఎవరూ నిలబడకూడదు.

పైకెక్కాక పెట్రోలు ట్యాపు కట్టేసి, ముందు చక్రాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, రెండువైపులా బిగించి కట్టాలి. తాడు ఒరుసుకునే చోట గోనెముక్క పెడితే రంగు పోదు. ఒకవైపే కట్టారో... మొదటి గోతికే బండి పక్కకు ఒరుగుతుంది!