శీతలయంత్రములోని వాయువు

మన యిండ్లలో పాలను, కూరలను చెడకుండ కాపాడు ఫ్రిజ్జు చల్లదనమును సృష్టింపదు. లోపలి వేడిమిని తీసికొని వెలుపల పారవేయును, అంతియే. గొట్టములలో తిరుగు నొక ద్రవము లోపల ఆవిరియగునపుడు అచ్చటి వేడిమిని గ్రహించి, కంప్రెసరు ఒత్తిడికి వెనుక భాగమున మరల ద్రవమై, ఆ వేడిమిని గాలికి విడిచిపెట్టును. 1834లో జేకబ్ పెర్కిన్సు ఈథరుతో నడచు నిట్టి యంత్రమునకు లండనులో పేటెంటు పొందిన నాటినుండి ఈ సూత్రము మారలేదు. మారుచు వచ్చినదెల్ల ఆ గొట్టములలోని పదార్థమే, ఈ యంత్రముయొక్క జీవితచరిత్ర యనదగినదియు నదియే.

1920 ప్రాంతములందు ఆ పదార్థములు సల్ఫర్ డయాక్సైడు, అమోనియా, మిథైల్ క్లోరైడు, మూడును విషములే. గొట్టము పగిలి వాయువు కారి యొక కుటుంబము మరణించిన వార్తను బెర్లినులో పత్రికయందు చదివిన ఐన్‌స్టయిను కలతచెంది, లియో జిలార్డుతో గూడి, కదలు భాగములే లేని పంపును కల్పించి పేటెంట్లు పొందెను. సాపేక్ష సిద్ధాంతకర్త వంటయింటి గొట్టములకై శ్రమించెననుట వింతయే గాని, ఆ యంత్రము అంగడికి రాలేదు.

వచ్చినది థామస్ మిడ్‌గ్లీ కల్పన. పెట్రోలులో సీసమును కలిపించినవాడు నాతడే. జనరల్ మోటార్సు పక్షమున 1928లో క్లోరిన్, ఫ్లోరిన్ కలసిన కర్బన సమ్మేళనములను ఎన్నుకొని, 1930లో అమెరికను రసాయన శాస్త్రజ్ఞుల సభయందు ఆ వాయువును గుండెనిండ పీల్చి, మండుచున్న కొవ్వొత్తిమీద నూది యార్పి చూపెను. ఆతనిని దోషిగ నిలుపుట సులభము. కాని ప్రాణము తీయునా, అంటుకొనునా యని ఆ కాలమడిగిన రెండు ప్రశ్నలకును ఆతడు సరియైన యుత్తరమే చెప్పెను. యంత్రము పాతబడి విరిగినపిమ్మట ఆ వాయువెచ్చటికి పోవునని యడిగినవారు లేరు.

అది దేనితోను కలియదు గనుక చెడదు. చెడదు గనుక దశాబ్దములు నిలిచి స్ట్రాటోస్ఫియరునకెక్కును. అచ్చటి అతినీలలోహిత కిరణములు దానిని చీల్చగా వెడలిన ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోను అణువులను నాశనము చేయగలదని కాలిఫోర్నియాలో రోలండు, మొలీనాలు 1974లో హెచ్చరించిరి. 1985లో అంటార్కిటికాపై ఓజోను పలుచబడుట బయటపడెను. 1987లో ఆ వాయువుల వాడుకను తగ్గించుటకై దేశములనడుమ మాంట్రియల్ ఒప్పందము కుదిరెను.

అంతట పెద్ద కంపెనీలు క్లోరిన్ లేని హెచ్.ఎఫ్.సి. 134ఎ వైపు మరలినవి. దానివలన ఓజోనుకు హాని లేదు, నిజమే. కాని నూరేండ్ల లెక్కను చూచినచో, తూకమునకు తూకముగ బొగ్గుపులుసు వాయువుకంటె వేయింతలకు మించి భూమిని వేడెక్కించును. జబ్బును మార్చుకొనుటయే గాని మాన్పుకొనుట కాదిది. ఈ తరుణమున, జర్మనీలోని డోర్ట్‌మండులో పరీక్షింపబడిన ప్రొపేను, బ్యూటేను మిశ్రమమును గ్రీన్‌పీసు అను పర్యావరణ సంస్థ చేపట్టి, రెండు జర్మనీలు ఏకమైన వెనుక మూతపడ సిద్ధముగనున్న షార్ఫెన్‌స్టయిను కర్మాగారమున 1992లో మొదటి ఫ్రిజ్జులను చేయించెను. మన వంటగ్యాసు సిలిండరులోనిదియు నీ జాతి వాయువే. కావున ఫ్రిజ్జు పేలునని పోటీ కంపెనీలు జనులను బెదరించినవి. అయితే అందుండునది కొన్ని పదుల గ్రాములు మాత్రమే. నిప్పురవ్వ పుట్టు స్విచ్చులను వాయువు కారు తావునకు దూరముగ నమర్చిరి. ఫ్రిజ్జు గోడలలో వేడిమి నడ్డగించు నురుగునుండియు పాత వాయువులను తొలగించిరి. ఆ పద్ధతిని పేటెంటు బంధము లేకుండ లోకమునకు విడిచిపెట్టుటచే, బెదరించిన కంపెనీలే కొలదికాలములో దానిని చేపట్టినవి. నేడు మన యంగళ్ళలోని ఫ్రిజ్జుల వెనుక ఆర్600ఎ యని కనబడు చీటి ఆ జాతిదే యగు ఐసోబ్యూటేనును తెలుపును. అమెరికా మాత్రము 2011 వరకు దానికి ఇంటిలో చోటీయలేదు. షార్ఫెన్‌స్టయినులో ఆ ఫ్రిజ్జులను చేసిన కంపెనీయు నిలువలేదు. అది 1996లో దివాలా తీయునప్పటికి ఆ వాయువు పోటీదారుల గొట్టములలో నడచుచుండెను.