కూర్చిన ఛాయాచిత్రము

ఛాయాచిత్రమును గురించి మన యిండ్లలో రెండు మాటలు తరచుగా వినబడుచుండును. కెమేరా అబద్ధమాడదు అనునది మొదటిది. అందులో కష్టమేమున్నది, మీట నొక్కినచో బొమ్మ దానంతట అదే పడును అనునది రెండవది. పెండ్లిపందిటిలో వధూవరులను నిలువబెట్టి తీసిన చిత్రమునకు ఈ రెండు మాటలును కొంతవరకు సరిపోవచ్చును. కాని ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియై ఇరువది యేండ్లు నిండకముందే, మీట నొక్కుట అన్నిటికంటె చిన్న పనిగా నుండు చిత్రములు బయలుదేరినవి. అట్టి చిత్రములలో మనుష్యులను వేషభాషలతో నాటకమున వలె నిలుపుట యొక పని. ముక్కలుగా తీసిన భాగములను అతుకు కనబడకుండ కూర్చుట మరియొక పని. వీని వెనుక నున్న శ్రమ యెట్టిది, ఆ శ్రమ దేనికొరకు, అట్లు కూర్చిన చిత్రమును నిజమనవలెనా అబద్ధమనవలెనా అను విషయములను ఈ ప్రసంగములో విచారింప దలచితిమి.

కూర్పు మొదట అవసరముచేత పుట్టినది. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను నాతడు కొలోడియన్ పద్ధతిని ప్రకటించెను. గాజుపలకపై జిగటగా నుండు కొలోడియన్ ద్రవమును పోసి, దానిని వెండి లవణపు ద్రావణములో ముంచి, తడి యారకముందే కెమేరాలో నుంచి చిత్రము తీసి, వెంటనే చీకటిగదిలో కడుగవలెను. ఇదంతయు కొలది నిమిషములలో ముగియవలెను. ఇట్లు తయారైన పలకయే నెగెటివు. దీనిలో వెలుగు నీడలు తారుమారుగా నుండును.

ఆ పలకకు ఒక లోపముండెను. నీలివెలుగు దానిపై మిక్కిలి త్వరగా పనిచేయును. కావున సముద్రమును సరిగా తీసినచో ఆకాశము తెల్లకాగితమువలె మిగులును. ఆకాశమును సరిగా తీసినచో సముద్రము నల్లబడిపోవును. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు గుస్తావ్ లె గ్రే దీనికొక ఉపాయము పన్నెను. ఆకాశమునకొక నెగెటివు, సముద్రమునకొక నెగెటివు వేరువేరుగా తీసి, ఆకాశము నీరు కలియు గీటు నొద్ద రెండింటిని జతచేసి ఒకే కాగితముపై అచ్చువేసెను. 1857లో దక్షిణ ఫ్రాన్సులోని సెత్ రేవునొద్ద ఆయన తీసిన పెనుకెరటపు చిత్రము ఇట్లు వచ్చినదే. ఆ మేఘములు ఆ క్షణమున ఆ కెరటముపై లేవు. ఆ మాట నిజమే. కాని మన కన్ను ఒక్క చూపున గ్రహింపగల రెండింటిని కెమేరా గ్రహింపలేకపోగా, ఆయన తన నేర్పుచేత ఆ కొరతను తీర్చెను.

అదే 1857లో ఈ యుపాయము అవసరమును దాటి కళాకాంక్షగా మారినది. స్వీడన్ దేశమున పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆస్కార్ గుస్తావ్ రైలాండర్ అను చిత్రకారుడు 'రెండు జీవనమార్గములు' అను పెద్ద చిత్రమును సిద్ధపరచెను. ఒక వృద్ధుడు ఇద్దరు యువకులను జీవితద్వారము కడకు తెచ్చును. ఒకడు భక్తి, దానము, కాయకష్టము గల వైపునకు నడచును. రెండవవాడు జూదము, మద్యము, విలాసము గల వైపునకు మొగ్గును. శ్రేయోమార్గము, ప్రేయోమార్గము అని మన పెద్దలు చెప్పు విషయమే యిది. ఇందులో రెండు డజనులకు పైగా మనుష్యులు కనబడుదురు. వీరి నందరిని ఒక్కచోట నిలిపి ఒక్కమారు తీయుటకు నాటి లెన్సునకు శక్తి చాలదు, అంత వెలుగు గల విశాలమైన గదియు లేదు. పలకపై బొమ్మ పడుటకు కొన్ని సెకనులు పట్టుచుండగా అంతమంది కదలకుండ నిలుచుట యెట్లు?

రైలాండర్ ఒక్కొక్కరిని, ఇద్దరు ముగ్గురిని, వెనుకనున్న తెరలను స్తంభములను వేరువేరుగా తీసెను. ఇట్లు తీసిన నెగెటివులు సుమారు 30. నాడు అచ్చు నెగెటివంతయే పడును. పెద్దది చేయుట, చిన్నది చేయుట లేదు. కావున దూరముననున్న మనిషి చిత్రములో చిన్నగా కనబడవలెనన్నచో, కెమేరాను ముందే కొలతప్రకారము దూరముగా నిలిపి తీయవలెను. కొలత ఒక్కచోట తప్పినను వెనుకవాడు ముందువానికంటె పెద్దవాడై కూర్చుండును. వెలుగు అందరిపై ఒకేవైపునుండి పడవలెను. ఇవి యన్నియు ముందే నిర్ణయించుకొనక తప్పదు.

తరువాతి పని మరింత ఓపిక కోరునది. గ్రుడ్డుసొన పూసి, వెండి లవణమెక్కించిన కాగితముపై ఒక నెగెటివు నుంచి, ఆ బొమ్మకు చోటైనంత మేర విడిచి, మిగిలిన కాగితమంతయు వెలుగు తగులకుండ కప్పి, ఎండలో పెట్టవలెను. బొమ్మ దిగిన పిదప ఆ భాగమును కప్పి, రెండవ నెగెటివును దాని ప్రక్కన సరిగా కుదిర్చి, మరల ఎండకు పెట్టవలెను. ఇట్లు ముప్పదిమార్లు. కడపటి బొమ్మ చెడినచో మొదటినుండి ఆరంభింపవలసినదే. ఇంగ్లండు మబ్బుల దేశమని వేరుగ చెప్ప నక్కరలేదు. ఈ పని ముగియుటకు ఆరు వారములు పట్టినది. చిత్రము పొడవు సుమారు 31 అంగుళములు, ఎత్తు 16 అంగుళములు. అంత కాగితము ఒక్కటిగా దొరకనందున రెండు కాగితములను అతికించిరి.

ఆ చిత్రమును 1857లో మాంచెస్టరు నగరమున జరిగిన కళాఖండముల మహాప్రదర్శనమున నుంచిరి. విక్టోరియా రాణి ఒక ప్రతిని కొనెను. అయినను నింద తప్పలేదు. స్కాట్లండులో వస్త్రములు లేని స్త్రీలున్న ఎడమ సగమును తెరతో కప్పి ప్రదర్శించిరి. అట్టి రూపములనే కుంచెతో గీసిన పటములను ఆ కాలపు పెద్దలు సంకోచము లేక చూచిరి. ఛాయాచిత్రమున నున్నది నిజముగా నిలిచిన మనిషి అను భావమే వారిని కలవరపెట్టినది.

మరుసటి యేడు, 1858లో, హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివులతో కూర్చిన 'క్షీణించుట' అను చిత్రమునకు ఇంతకంటె విచిత్రమైన అనుభవము కలిగెను. అందులో క్షయతో మరణించుచున్న బాలిక కుర్చీలో వాలియుండును. ఇద్దరు స్త్రీలు కడ నుందురు. ఒక పురుషుడు మనకు వీపుచేసి కిటికీవంక తిరిగి నిలిచియుండును. అంత దుఃఖమును కెమేరాతో తీయుట క్రూరమని పలువురు ఆక్షేపించిరి. నిజమునకు ఆ బాలికకు ఏ వ్యాధియు లేదు. ఆమె పదునాలుగేండ్ల ప్రాయము గల, ఆరోగ్యవతియైన పిల్ల. రాబిన్సన్ చెప్పినట్లు కూర్చున్నది. రాబిన్సన్ పెద్ద కూర్పులు చేయునపుడు మొదట కాగితముపై రేఖాచిత్రము గీసికొని, ఏ భాగము ఎచ్చట వచ్చునో నిర్ణయించుకొని, పిదపనే కెమేరాను ముట్టెడివాడు.

ఈ ఆక్షేపణను గురించి ఆలోచించునపుడు మాకు మా వృత్తి గుర్తువచ్చుచున్నది. రేడియో నాటకములో గుఱ్ఱము పరుగెత్తిన చప్పుడు వినబడును. అది బల్లపై రెండు కొబ్బరిచిప్పలు కొట్టిన చప్పుడు. ఉరుము ఉరిమినచో అది రేకును ఊపిన ధ్వని. నాటకములో తల్లి యేడ్చినపుడు శ్రోతల కండ్లు చెమర్చును. ఆమె ప్రసారము ముగియగానే కాఫీ త్రాగుటకు పోవునని అందరికి తెలియును. ఎవరును మోసపోయితిమనుకొనరు. ఏలయన మొదటనే అది నాటకమని ప్రకటింతుము. అదే కొబ్బరిచిప్పల చప్పుడును వార్తలలో కలిపినచో ఎట్లుండును? శ్రోత మరల మా మాట నమ్మునా? శబ్దము ఒక్కటే, శ్రమయు ఒక్కటే. కాని వినువానితో చేసికొన్న ఒప్పందము వేరు. కూర్చిన ఛాయాచిత్రమును కూడ ఈ కొలతతోనే కొలువవలెనని మా అభిప్రాయము.

కొందరు ముక్కలు కూర్చుటకంటె దృశ్యమునే కెమేరా ముందర నిర్మింతురు. 1948లో న్యూయార్కులో ఫిలిప్ హాల్స్‌మన్ అను ఛాయాగ్రాహకుడు చిత్రకారుడు సాల్వదోర్ డాలీతో కలిసి చేసిన 'డాలీ అటామికస్' అట్టిది. అణుయుగమున వస్తువులన్నియు ఒకదాని నొకటి తాకక గాలిలో నిలిచినట్లు చూపవలెనని వారి సంకల్పము. చిత్రపు పీటను సన్నని తీగెలతో వ్రేలాడదీసిరి. హాల్స్‌మన్ భార్య ఒక కుర్చీని పైకెత్తి పట్టుకొన్నది. ఆయన అంకెలు లెక్కించుచుండగా మూడు అనగానే సహాయకులు మూడు పిల్లులను, బక్కెట్టెడు నీళ్ళను గాలిలోనికి విసరిరి; నాలుగు అనగానే డాలీ ఎగిరెను. అప్పుడు మీట నొక్కబడెను. వెంటనే హాల్స్‌మన్ చీకటిగదికి పోయి ఫిల్మును కడిగి చూచుచుండగా, తక్కినవారు నేల తుడిచి, పిల్లులను పట్టి, తడి యార్చి సిద్ధపరచిరి. ఒకమారు నీళ్ళు డాలీ ముఖమును కప్పివేసినవి. వేరొకమారు డాలీ ఆలస్యముగా ఎగిరెను. మనస్సునకు నచ్చిన చిత్రము వచ్చుసరికి 28 మార్లు విసరుట జరిగినది, సుమారు ఆరు గంటలు గడచినవి. నేటి పాఠకునకు ఆ పిల్లులపై జాలి కలుగుట సహజమే.

అంతటితో పని ముగియలేదు. తీగెలను, కుర్చీని పట్టుకొన్న చేతిని అచ్చునుండి చెరపివేసిరి. పీటపై ఖాళీగా నున్న చట్రములో డాలీ స్వయముగా ఒక బొమ్మను గీసి నింపెను. దిద్దుబాటుకు ముందటి ప్రతియు నేటికి భద్రముగా నున్నది; అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దానిని చూడవచ్చును. తీగెలు కనబడు ఆ ప్రతిని చూచినవారికి కళపై ఆదరము పెరుగునేగాని తగ్గదు.

కంప్యూటరు వచ్చిన పిదప ఈ పని సులువైనదని పలువురు తలతురు. కెనడా దేశీయుడగు జెఫ్ వాల్ 1993లో ముగించిన చిత్రమును చూచినచో ఈ భ్రమ తొలగును. జపాను చిత్రకారుడు హొకుసాయ్ 1832 ప్రాంతమున చెక్కఅచ్చున వేసిన బొమ్మ యొకటి కలదు. అందులో హఠాత్తుగా గాలి వీచి బాటసారుల కాగితములు, టోపీ ఎగిరిపోవుచుండును. వాల్ ఆ దృశ్యమును వాంకూవరు నగరము వెలుపలి పొలములలో నటులతో మరల నిలిపెను. గాలి, మబ్బు ఒకే తీరుననున్న దినములకై నెలల తరబడి వేచి, నూటికి పైగా చిత్రములు తీసి, వానినుండి భాగములను కంప్యూటరులో కూర్చెను. మొత్తము పని ఏడాదికి మించి సాగినది. దాని వెడల్పు 3 మీటర్ల 77 సెంటీమీటర్లు. చూచువానికి అది ఒక్క రెప్పపాటు.

ఇంతటి శ్రమ దేనికి? అతుకును దాచునది నాలుగు విషయముల పొందిక. మొదటిది నీడ: అన్ని నీడలును ఒకేవైపున, ఒకే వాడితో పడవలెను. రెండవది కొలత: దూరమునకు తగినట్లు మనిషి చిన్నవాడు కావలెను. మూడవది కన్నుమట్టము: కొన్ని భాగములను నిలువబడి, కొన్నిటిని కూర్చుండి తీసినచో అవి ఒకే నేలపై నిలువవు. నాలుగవది అంచు: జుట్టు, ఆకులు, నీటితుంపర వంటి మెత్తని అంచులను కత్తిరించినట్లు విడదీసినచో కన్ను వెంటనే పట్టుకొనును. ఈ నాలుగింటిని తీయునపుడే సరిచూచుకొన్నవానికి దిద్దుబాటు తేలిక. తరువాత చూచుకొందమనువానికి ఎంతటి కంప్యూటరును తోడ్పడదు. ఇంట కెమేరా గల ఫోను పట్టుకొని ప్రయోగములు చేయు యువకులు ముందు కాగితముపై బొమ్మ గీసికొని, ఫోనును ఒకేచోట కదలకుండ నిలిపి, ఒకే వేళ ఎండలో తమ్ముని నాలుగుచోట్ల నాలుగుమార్లు తీసి కూర్చి చూతురు గాక. సగము పని అప్పుడే ముగిసినట్లు వారికే బోధపడును.

ఇక నిజానిజముల మాట. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన ముఖపత్రముపై గీజా పిరమిడ్ల చిత్రమును వేసెను. అడ్డముగా నున్న చిత్రము నిలువు పుటలో పట్టుటకై రెండు పిరమిడ్లను కంప్యూటరుతో దగ్గరకు జరిపిరి. వాల్ చేసిన పనితో పోల్చిన ఇది మిక్కిలి స్వల్పము. అయినను పెద్ద దుమారము రేగెను. ఆ పత్రిక తరువాత అది తప్పేయని అంగీకరించినది. ఏలయన భూగోళమున ఉన్నది ఉన్నట్లు చూపుదునని పాఠకునకు మాట యిచ్చిన పత్రిక యది. వాల్ అట్టి మాట యెవరికిని ఇయ్యలేదు.

నేడు మాటలలో వర్ణించి అడిగినచో యంత్రమే క్షణములో చిత్రమును కల్పించి యిచ్చుచున్నది. 2023లో జర్మను కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్ సోనీ ప్రపంచ ఛాయాచిత్ర పోటీలో ఒక విభాగమున గెలిచి, ఆ చిత్రము కెమేరాతో తీసినది గాక కృత్రిమమేధతో చేయించినదని చెప్పి బహుమతిని నిరాకరించెను. పోటీలు అట్టి చిత్రములకు సిద్ధముగా నున్నవో లేవో పరీక్షించుటకే పంపితినని ఆయన చెప్పెను. ఆరు వారముల ఎండ, 28 మార్లు తుడిచిన నేల, ఏడాది నిరీక్షణ, వీనిలో ఏదియు లేకయే అతుకు తెలియని చిత్రము నేడు పుట్టుచున్నది. పూర్వము మోసగింపదలచినవానికి శ్రమయే కొంత అడ్డముగా నుండెను. ఆ అడ్డము తొలగినందున బాధ్యత చూచువానిపైకి వచ్చినది.

కావున చేతికి వచ్చిన ప్రతి చిత్రమును ఇంటిల్లిపాదియు అడుగవలసిన ప్రశ్న, ఇది కూర్చినదా కాదా అని మాత్రమే కాదు. దీనిని ఎవరు, ఏ పేరుతో, ఏ మాట యిచ్చి మన ముందుంచిరి అని అడుగవలెను. కళ యని చెప్పి చూపినదానిని మనసార మెచ్చుకొందము. వరద యనియు, కలహ మనియు, ఫలానివాడు ఫలానిచోట నుండెననియు చెప్పి చూపినచో, నీడలను, అంచులను పరికించి, తెచ్చినవానిని ఆరా తీసి, పిదపనే ప్రక్కయింటివారికి చెప్పుదము.