కోసాడ్ దంపతుల సాయంత్రం

ఢిల్లీ నుంచి ముంబయి పోయే రైళ్లు సూరత్ చేరబోయే ముందు, తాపీ నదికి ఉత్తరాన, కోసాడ్ అనే చిన్న స్టేషనును దాటిపోతాయి. పేరున్న రైలేదీ అక్కడ ఆగదు. ఈ దారిన ఎన్నోసార్లు ప్రయాణం చేసిన నాకు ఆ స్టేషను పేరు చదివిన జ్ఞాపకమైనా లేదు. అటువంటి కోసాడ్‌లో ఈ శీతాకాలం ఒక పూట గడిపి వచ్చాను. ఈ వారం లేఖ అక్కడి ఒక సాయంత్రం గురించి.

వెళ్లిన పని వేరు. పార్లమెంటు 2019లో ఒకటి, 2020లో మూడు చొప్పున ఆమోదించిన నాలుగు కార్మిక స్మృతులు ఏళ్ల తరబడి బీరువాలో నిద్రించి, 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చాయి. చారిత్రక సంస్కరణ అని ప్రభుత్వం అన్నది. వంచన అని కేంద్ర కార్మిక సంఘాలలో అధిక సంఖ్యాకం అన్నాయి. రాజధానిలో విందులలో, విలేఖరుల సమావేశాలలో ఎనిమిది గంటల పనిదినం గురించి నేను విన్నంత ఉపన్యాసం ఇంకే విషయం మీదా వినలేదు. కానీ ఆ వక్తలలో మగ్గం ముందు నిలబడినవాడు నాకొక్కడూ తారసపడలేదు. అటువంటి వారిని వెతుక్కుంటూ సూరత్ పోయాను. అక్కడ మన వారికి కొదవ లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరతరాలుగా వలసపోయిన నేతకుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో ఊళ్లకు ఊళ్లే స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నదంటే వారి సంఖ్యాబలాన్ని పాఠకులు ఊహించుకోవచ్చు.

కోసాడ్ ఒకప్పుడు పల్లె. 2006లో నగరపు ఎల్లలు పెరిగినప్పుడు సూరత్‌లో కలిసింది. 2005 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన జవాహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద ఇక్కడ పేదలకు వరుసలు వరుసలుగా అంతస్తుల ఇళ్లు కట్టారు. తాపీ ఒడ్డున గుడిసెలు తొలగించిన చోట్ల నుంచి జనాన్ని తెచ్చి ఇందులో పెట్టారు. ఆ వరుసలకు పేర్లు లేవు. హెచ్-1, హెచ్-2 అంటూ అక్షరాలు, అంకెలే. మరాఠీ, ఒడియా, హిందీ, తెలుగు ఒకే మెట్ల మీద వినవస్తాయి. ఇల్లు పక్కాదే. పని మాత్రం నదికి ఆవలి ఒడ్డునే ఉండిపోయింది.

మూడో అంతస్తులో నేను తలుపు తట్టిన ఇంటి యజమానికి ముప్ఫయి అయిదేళ్లుండవచ్చు. తండ్రి సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చి మరమగ్గాల షెడ్డులో చేరాడు. కొడుకు పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. ఇల్లాలిని మాత్రం సిరిసిల్ల నుంచే తెచ్చుకున్నాడు. నా పేరు, వచ్చిన పని చెప్పి, పనిగంటల మాట ఎత్తాను. అతడు నవ్వి, "ఇయ్యాల కాదు సార్. ఇయ్యాల మా ఇంటామెను బయట హోటల్‌కు తీస్కపోతున్న. మీరడిగేది బస్సుల అడుగుండ్రి" అన్నాడు.

ఆ రోజు వారి పదవ పెళ్లిరోజు. పదేళ్లలో ఇద్దరే కలిసి బయట కూర్చుని భోజనం చేసింది లేదట. పిల్లలిద్దరినీ నానమ్మకు అప్పగించారు. ఆమె చిలకాకుపచ్చ చీర కట్టుకున్నది. ఇటువంటి ప్రయాణంలో పానకంలో పుడకలా నేనెందుకని వెనుకాడాను. "రాండ్రి సార్, మీరుంటె పైసలు తక్కువైతయని ఏం భయం లేదు, మీ బిల్లు మీదే" అని ఆమె తేల్చి చెప్పింది. నా సంకోచం అంతటితో తీరింది.

బస్సులో నాకు తెలిసిన లెక్క ఇది. షెడ్డులో షిఫ్టు పన్నెండు గంటలు, ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు. ఒక పక్షం పగలు, మరుసటి పక్షం రాత్రి. పగటి షిఫ్టులో ఉన్నప్పుడు అతడు నది దాటి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. అన్నం ముందు కూర్చునే నిద్రపోతాడని ఆమె ఫిర్యాదు. రాత్రి షిఫ్టులో ఉన్నప్పుడు పిల్లలు బడి నుంచి వచ్చిన కొద్దిసేపటికే బయలుదేరాలి. వారానికి దొరికే ఒక్క సెలవు రోజునే రేషను, ఆస్పత్రి, చుట్టాల పెళ్లి అన్నీ ముగియాలి. ఆమె పనికి ఆ సెలవూ లేదు. బజారు నుంచి వచ్చే చీరల మూటలు విప్పి, అంచుకు లేసు కుట్టి, రాళ్లు అతికించడం ఆమె పని. కూలి చీరకు ఇంత అని. సూరత్ చీరల మెరుపులో ఇంటిపట్టున ఉండే ఇటువంటి స్త్రీల వేళ్ల పని ఎంతో ఉన్నది. ఏ హాజరుపట్టీలోనూ వారి పేర్లుండవు.

చట్టం సంగతి అడిగాను. అతని జవాబు నన్ను కొంత ఇరకాటంలో పెట్టింది. "ఎనిమిది గంటలని రాస్తె మంచిదే సార్. మాకు కూలి మీటరు లెక్క. పన్నెండు గంటలు మగ్గం నడిస్తెనే ఇల్లు నడుస్తది. గంటలు తగ్గించి మీటరు రేటు పెంచకుంటె మేమేం తినాలె?" ఢిల్లీ చర్చలలో ఈ ప్రశ్న ఎవరూ వేయగా నేను వినలేదు. గంటలు ఒక స్మృతిలో, వేతనం మరొక స్మృతిలో ఉండవచ్చు. మనిషి కడుపులో మాత్రం రెండూ ఒకటే.

తాపీ వంతెన దాటాము. సంజ వెలుగులో నది రాగి రేకులా మెరుస్తున్నది. భోజనం సూరత్‌లో, మరణం కాశీలో దొరకాలని గుజరాతీలలో సామెత. కాశీ మరణపు మహిమ మనకు తెలిసిందే. దానితో సరితూచారంటే సూరత్ భోజనానికి వారిచ్చే గౌరవం అర్థమవుతుంది. ఆవిరిపై ఉడికిన మెత్తని లోచో, శీతాకాలపు ఉంధియు, చాందనీ పడవోనాటి నేతి ఘారీ ఈ నగరపు కీర్తిచిహ్నాలు. ఆదివారం సాయంత్రం సూరత్ గృహస్థు ఇంట పొయ్యి వెలిగించడమే అరుదంటారు. డుమాస్ దారిలో కుటుంబాలకు కుటుంబాలు కాలిబాట మీద చాపలు పరచుకుని తింటాయి. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ ఇక్కడ మద్యనిషేధం గనుక, వలపు భోజనానికైనా తోడు మజ్జిగే.

అద్దాల తలుపులున్న ఒక మధ్యతరగతి హోటలులో వారొక బల్ల వద్ద, నేను దూరంగా మరొక బల్ల వద్ద కూర్చున్నాము. ధరల పట్టీ ఆమె చేతికి వచ్చింది. కాసేపు వేలితో గీస్తూ చదివి, "పన్నెండు చీరలు... ఇది పదిహేను చీరలు... రొట్టె ఒక్కటే రెండు చీరలయ్యా!" అన్నది. పనీరు కూర విలువను రాళ్లు అతికించిన చీరలలో కట్టిన ఆ గణితం ఏ అర్థశాస్త్ర గ్రంథంలోనూ లేనిది. అతడు పట్టీ లాక్కుని, "ఇయ్యాల చీరల లెక్క బంద్" అన్నాడు. ఆ మాట హోటలంతా వినబడింది. నాలుగు బల్లల వారు తలలు తిప్పి చూశారు. ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడులో పనిచేసినవాడు తన గొంతు తానే ఎరుగడు. ఆమె పెదవి మీద వేలుంచింది. అతడు నాలుక కరుచుకున్నాడు.

ఆ తరువాత వారిద్దరూ దాదాపు మాటలు లేకుండానే భోంచేశారు. షెడ్డులో మాట వినబడదు గనుక నేతగాళ్లు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. ఆ భాష అతడు పెళ్లైన కొత్తలోనే ఆమెకు నేర్పాడట. ఆమె కనుబొమ్మ ఎత్తితే అతడు ఉప్పు అందించాడు. అతడు రెండు వేళ్లు ఆడిస్తే ఆమె చీర కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. పక్క బల్లల వద్ద యువజంటలు ఎవరి సెల్‌ఫోను వారు చూసుకుంటున్నారు. ఆ హోటలులో అన్నిటికంటే ఎక్కువ సంభాషణ జరిగింది ఆ నిశ్శబ్దపు బల్ల వద్దేనని నా నమ్మకం.

బయటికి వచ్చి నడుస్తుండగా ఒక అంగడి ముందు ఆమె ఆగిపోయింది. చలికాలంలో సూరత్ ప్రజలు ప్రాణంగా తినే పోంక్ అమ్ముతున్నారు. పచ్చి జొన్న కంకులను నిప్పులలో కాల్చి, గుడ్డలో చుట్టి కొట్టి, రాల్చిన లేత గింజలవి. నిమ్మ, మిరియాలు కలిపిన సన్న కారప్పూసతోనూ, చక్కెర గుళికలతోనూ కలిపి తింటారు. "ఇవి ఊసబియ్యం గదయ్యా!" అని ఆమె దాదాపు కేకవేసింది. ఈసారి సైగ చేయవలసిన వంతు అతనిది. చిన్నప్పుడు తాతగారి చేని గట్టున, చలిమంట ముందు తిన్న ఊచబియ్యం అది. సూరత్‌లో పదేళ్లు కాపురం చేసినా, కోసాడ్‌కు పది మైళ్లలోపే అది అమ్ముతారని ఆమెకు తెలియదు. సాయంత్రాలు లేని మనిషికి తాను బతికే నగరం ఎలా తెలుస్తుంది? పొట్లం విప్పి మొదటి పిడికెడు అతని దోసిట్లో పోసింది. రెండవ పిడికెడు నాకు పెట్టింది. ఈ బిల్లు నాది కాదన్నది.

వీధి అంగడిలో ఇంత నిర్భయంగా తినడానికి వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో ఈ నగరం నుంచి లక్షలాది ప్రజలు రైళ్లెక్కి పారిపోయారు. ఇతని తండ్రి కూడా పసివాడిని చంకనేసుకుని ఊరు చేరాడట. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను చల్లని గదుల నుంచి వీధులలోకి దించారు. రాత్రిపూట రోడ్లు ఊడ్చే పద్ధతి పెట్టించారు. శుభ్రత పాటించని హోటళ్లను, పెద్దా చిన్నా చూడకుండా, దారికి తెచ్చారు. 1996లో సూరత్ దేశంలో చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరంగా గుర్తింపు పొందింది. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ప్రభుత్వం తలచుకుంటే ఏడాదిన్నరలో ఒక నగరపు భోజనాన్ని భయరహితం చేయగలదని సూరత్ రుజువు చేసింది. అదే భోజనం చేయడానికి శ్రామికునికి ఒక సాయంత్రాన్ని సమకూర్చడం మాత్రం ఇంతకాలమైనా ఎందుకు సాధ్యం కాలేదు?

చట్టాలు లేక కాదు. ఎనిమిది గంటల పనిదినాన్ని నిర్దేశించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి ఒడంబడిక 1919 నాటిది. భారతదేశం 1921లోనే దానిని ఆమోదించింది. అయితే మనకు వారానికి 60 గంటలని ప్రత్యేక మినహాయింపు పెట్టించుకున్నారు పాలకులు. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అన్నది. 2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం కోవిడ్ పేరిట దానిని 12 గంటలకు పెంచి, అదనపు గంటలకు రెట్టింపు వేతనాన్ని సైతం తొలగించింది. ఆ ఉత్తర్వును 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2025లో అదే 12 గంటలు, వారానికి 48 మించరాదన్న షరతుతో, ఆర్డినెన్సుగా, తరువాత శాసనసభ ఆమోదంతో తిరిగి వచ్చాయి. గుజరాత్‌ను మాత్రమే నిందించి ఊరుకునే వీలు మనకు లేదు. అదే ఏడు ఆంధ్రప్రదేశ్ కర్మాగారాలలో, తెలంగాణ వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటలకు దారి తెరిచాయి. కొత్త స్మృతి రోజుకు 8 గంటలే అంటున్నది. కానీ విశ్రాంతితో కలిపి ఆ గంటలు ఎంతసేపు సాగవచ్చునో ప్రభుత్వాల నిర్ణయానికి వదిలింది. విద్యుత్తుతో నడిచే చోట పదిమంది ఉంటే కర్మాగారమన్న పాత నిర్వచనాన్ని ఇరవైమందికి పెంచింది. ఒకే కప్పు కింద నడిచే షెడ్డు కాగితాల మీద నాలుగు చిన్న సంస్థలుగా చీలిపోయే నగరంలో ఈ అంకెకు అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు.

తిరుగు బస్సులో ఆమె అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పొట్లం ఒడిలో భద్రంగా ఉన్నది, పిల్లలకు. కిటికీలోంచి చూస్తే వీధులు ఊడ్చేవారు పనికి దిగుతున్నారు. వారి సాయంత్రం ఎప్పుడో అని తోచింది. అతడు ఈసారి గొంతు బాగా తగ్గించి నన్నొక మాట అడిగాడు. "వరంగల్‌ల పెద్ద బట్టల పార్కు పెట్టిన్రట గద సార్. సూరత్ పోయినోళ్లందరు వాపస్ రావచ్చన్నరు. అక్కడ షిఫ్టు ఎన్ని గంటలు?"

కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు ఉద్యోగాల సంఖ్య రాశాము, పెట్టుబడుల కోట్లు రాశాము, ఎకరాల లెక్క రాశాము. గంటల లెక్క అడిగిన విలేఖరి మాలో ఎవరూ లేరు. తెలుసుకుని చెబుతానన్నాను.

కోసాడ్‌లో దిగేసరికి పదకొండు కావచ్చింది. మరునాటి ఉదయం ఏడు గంటలకు అతడు మగ్గం ముందుండాలి. వచ్చే పెళ్లిరోజుకు మళ్లీ వెళతారా అని ఆమెను అడిగాను. మెట్ల మీద ఆగి, వేళ్ల మీద పక్షాలు లెక్కపెట్టబోయి, మధ్యలో విడిచిపెట్టింది. "అప్పటికి ఆయనది పగటి షిఫ్టొ, రాత్రి షిఫ్టొ, ఇప్పుడేం ఎర్క సార్?" అన్నది.