ముందు ప్రశ్న, తర్వాతే ప్రయాణం

పలమనేరు పక్క పల్లెలో నడిరాత్రి బిడ్డకు జ్వరం కాస్తే కన్నవాళ్లను ఒకటే సందేహం పీడిస్తుంది: ఇప్పుడే ఆటో మాట్లాడుకుని చిత్తూరుకో తిరుపతికో పోవాలా, తెల్లారి ఊళ్లో ఏఎన్‌ఎంకు చూపిస్తే సరిపోతుందా? భయం పెద్దాసుపత్రి దారే పట్టిస్తుంది. చిన్న జ్వరాలూ ప్రాణాపాయాలూ ఒకే క్యాజువాలిటీ గుమ్మంలో కలిస్తే, ఆలస్యానికి బలయ్యేది ప్రాణాపాయంలో ఉన్నవాళ్లే. ఈ చిక్కు విప్పగల సాధనం ఒకటుంది: లక్షణాలు అడిగి తీవ్రత తేల్చే కంప్యూటర్.

దాని తొలినాటి అడుగుల్లో ఒకటి ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో పడింది. డి డోంబాల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు తీవ్రమైన కడుపునొప్పితో వచ్చిన 304 మంది లక్షణాలను కంప్యూటర్‌కు అందించారు. సంభావ్యత లెక్కలతో అది 91.8 శాతం మందిలో జబ్బును సరిగ్గా పట్టింది. అక్కడి సీనియర్ వైద్యులు పట్టింది 79.6 శాతం మందిలో. 1972లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

రోగి కదలకుండానే డాక్టరు సలహా పల్లెకు చేరుతుందని చూపింది మన చిత్తూరు జిల్లాయే. అరగొండలో అపోలో సంస్థ ఉపగ్రహ సాయంతో నెలకొల్పిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ, 2007లో 104 ఆరోగ్య సలహా సేవ మొదలయ్యాయి.

104లో ఫోనెత్తిన ఆరోగ్య సిబ్బంది తెర మీద వరుసగా వచ్చే ప్రశ్నలు అడిగేవారు. ఇలాంటి వ్యవస్థ ఒక జల్లెడ. ముందు అపాయం గుర్తులు అడుగుతుంది: ఊపిరి ఆడుతోందా, స్పృహ ఉందా, ఫిట్స్ వచ్చాయా? ఒక్కదానికి అపాయమని తేలినా మిగతా ప్రశ్నలు ఆపి 108ని పిలవాలి. అపాయం లేదని తేలాకే ఎన్నాళ్లుగా, ఎంత తీవ్రంగా అనే ఆరా.

దీని బలహీనతా తెలియాలి. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం 23 లక్షణ పరీక్షా సాధనాలను తూచింది. అత్యవసర కేసుల్లో అవి 80 శాతం సార్లు సరైన సలహా ఇచ్చాయి. ఇంట్లోనే తగ్గిపోయే జబ్బుల్లో 33 శాతమే. చిన్న జబ్బును ఆసుపత్రికి పంపితే పోయేది డబ్బూ సమయమూ, పెద్ద జబ్బును ఇంట్లో ఉంచితే పోయేది ప్రాణం. కాబట్టి ఈ సాధనం జాగ్రత్త వైపు మొగ్గడం న్యాయమే. కానీ అనవసరపు పరుగు తగ్గాలంటే తెర వెనుక డాక్టరు ఉండి తీరాలి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ-సంజీవని ఆ పనే చేస్తోంది. ఊరి ఆరోగ్య కేంద్రంలో కూర్చునే దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడవచ్చు.

ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, పాముకాటు, మూతి వంకరపోవడం, ఫిట్స్: వీటికి ఏ యాప్‌నూ అడగవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. మిగతా వాటికి ప్రయాణం కట్టేముందు ఒక్కసారి 104ను అడగండి.